బ్రౌను దొరగారును తెలుఁగు క్రియాపదమును

మన బనగానపల్లె సంతలో నొక యుదయమున నిలిచి చెవియొగ్గినచో రెండు భాషలు వినఁబడును. ఉర్దూ మాటాడు వర్తకుఁడు గుఱ్ఱము వచ్చినప్పుడు ఘోడా ఆయా యనును. బండి వచ్చినప్పుడు గాడీ ఆయీ యనును. ఆతని భాషలో గుఱ్ఱము పుంలింగము, బండి స్త్రీలింగము. ప్రక్కనే నిలిచిన తెలుఁగు రైతు గుఱ్ఱమునకును బండికిని వచ్చినదనియే యనును. ఇంతలో తన చెల్లెలు వచ్చినచో ఆమెనుగూర్చియు వచ్చినదనియే యనును. తమ్ముఁడు వచ్చినచో మాత్రము వచ్చినాఁడనును. చెల్లెలు, తమ్ముఁడు కలిసి వచ్చినచో ఇద్దఱిని వచ్చినారని యొక్కటిగాఁ జెప్పును. గుఱ్ఱములు వచ్చినచో వచ్చినవనును.

పుట్టినది మొదలు వినుచుండుటచే ఇందలి వింత మనకుఁ దోఁపదు. చెల్లెలు ఒంటరిగా వచ్చినప్పుడు గుఱ్ఱముతోడను, పదుగురిలో వచ్చినప్పుడు తమ్మునితోడను ఏల చేరవలెను? ఈ ప్రశ్న తెలుఁగువానికంటె తెలుఁగు నేర్వవచ్చిన పరదేశికి ముందు పుట్టును. అట్లు వచ్చి, విని, నేర్చి, కడకు మన భాషకే నిఘంటువును గూర్చి యిచ్చిన మహనీయు లొకరు మన యూరికి ఆగ్నేయమున నున్న కడపలో నివసించిరి. వారే చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు. వారి జీవితమును, వారు దాటవలసివచ్చిన యీ చిక్కును కలిపి విద్యార్థి సోదరులకుఁ దెలుపుట యీ వ్యాసము యుద్దేశము.

బ్రౌను దొరగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించిరి. వారి తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ గురువులు, బహుభాషలు తెలిసినవారు. కుమారునకు బాల్యముననే గ్రీకు, లాటిను, హీబ్రూ మున్నగు ప్రాచీన భాషలలోను, హిందూస్థానీలోను ప్రవేశము కలిగెను. 1812లో తండ్రి మరణింపఁగా కుటుంబము ఇంగ్లండునకుఁ బోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ యుద్యోగమునకుఁ దగిన విద్య నేర్చి, 1817 ఆగష్టు 4వ తేదీన బ్రౌనుగారు మదరాసు రేవున దిగిరి. అప్పుడు వారికిఁ బందొమ్మిదవ యేఁడు నడుచుచుండెను. సెంటుజార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద వారు తెలుఁగు నభ్యసించిరి.

ఆ పడుచువాఁడు తనతోఁ దెచ్చుకొన్న భాషాజ్ఞానము తెలుఁగు లింగములయెడ తోడ్పడునది కాదు. లాటినులోను గ్రీకులోను ప్రతి నామమునకును లింగము పుట్టుకతోనే యంటియుండును. ప్రాణములేని మేజాబల్ల లాటినులో స్త్రీలింగము. హిందూస్థానీలో పుస్తకము స్త్రీలింగము, ఇల్లు పుంలింగము. సంస్కృతమున ఇంకను చిత్రము. భార్య యను నర్థముగల మాటలలో భార్యాశబ్దము స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము. మనిషి యొక్కతెయే, లింగములు మూఁడు. ఈ భాషలలో లింగము శబ్దమున కున్నదే కాని వస్తువునకుఁ గాదు. ఆంగ్లభాష వేఱొక త్రోవ పట్టినది. అందు సర్వనామమునకు లింగభేదము కలదు గాని క్రియకు లేదు. పురుషుఁడు వచ్చినను, స్త్రీ వచ్చినను, ఆవు వచ్చినను క్రియ యొక్కటే.

తెలుఁగున రెండును వేఱు. లింగము శబ్దమునుబట్టి కాక యర్థమునుబట్టి యేర్పడును. ఏర్పడినది క్రియ చివరఁ గనఁబడును. కోట పెద్దదైనను, కొండ యెత్తైనదైనను వానికిఁ బురుషులతోడి పంక్తి దొరకదు. చదువురాని పిల్లవాఁడైనను తెలుఁగున లింగము తప్పఁడు. ఏలయన ఆతఁడు శబ్దమును వల్లెవేయ నక్కఱలేదు, ఎదుట నున్నది పురుషుఁడో కాదో చూచిన చాలును. కాని పరదేశికి అది సులభము గాదు. విలియం కేరీగారి తెలుఁగు వ్యాకరణము 1814లోను, ఏ. డి. కేంబెల్ గారిది 1816లోను వెలువడియున్నను, పుస్తకములోని సూత్రము నోటికి వచ్చుటకు జనులమధ్యఁ దిరుగవలసినదే.

ఆ యవకాశము 1820లో వచ్చెను. పరీక్షలందుఁ దేఱి, ఆ సంవత్సరము ఆగష్టులో బ్రౌనుగారు కడప కలెక్టరు హాన్‌బరీ దొరకు సహాయకులుగా వచ్చి చేరిరి. దత్తమండలములు నైజాము ప్రభువునుండి కంపెనీకి సంక్రమించి అప్పటికి ఇరువది యేండ్లే యైనది. ఆ మండలములను చక్కఁబెట్టిన మన్రో దొరయే 1820లో మదరాసు గవర్నరుగా వచ్చి, దేశభాషలు నేర్వని యధికారి ప్రజలకుఁ బనికిరాఁడని తలఁచుచుండెను. కడప కచ్చేరిలో రైతులు చెప్పుకొను మొఱలు, కరణముల లెక్కలు, సాక్షుల వాఙ్మూలములు అన్నియు బ్రౌనుగారి చెవిని బడఁజొచ్చెను.

ఇచ్చట మన పాఠమున కొక యుదాహరణము తలఁపుఁడు. తెలుఁగువాఁడు మాటాడునప్పుడు కర్తను పలుమాఱు విడిచిపెట్టును. క్రియయే కర్తను దెలుపునని యాతని నమ్మకము. ఒక సాక్షి న్యాయాధికారి యెదుట నిలిచి, రాత్రి దొడ్డిలోనికి వచ్చినది, గాదె ప్రక్క నిలిచినది, మరల పోయినది యని చెప్పెననుకొందము. వచ్చినది స్త్రీయా, బఱ్ఱెయా, కుక్కయా? క్రియ యింతమాత్రమే చెప్పును: వచ్చినది యొక్కటి, పురుషుఁడు మాత్రము కాదు. ఆ సాక్షియే వచ్చినాఁడనినచో ఒక్క మగవాఁడని నిశ్చయము. వచ్చినవనినచో పశువులు పెక్కు. వచ్చినారనినచో మనుష్యులు పెక్కుమంది. అందు మగవారుండవచ్చును, ఆఁడువారుండవచ్చును, ఇరుదెఱఁగులవారును ఉండవచ్చును. కాదేని గౌరవింపఁదగిన పెద్ద యొక్కరే కావచ్చును. ఈ భేదములు తెలియని యధికారి మొదటి వాక్యమును తన భాషలోనికి మార్చునప్పుడు స్త్రీని పశువును జేయును, లేదా పశువును స్త్రీని జేయును. ఒక మనుజుని మీఁది నేరము క్రియ చివరి యొక యక్షరముపై నాధారపడియుండును. కచ్చేరిలో వ్యాకరణము పండితుల వినోదము గాదు. అది న్యాయమునకు ఆధారము.

ఈ నియమమును కూర్చి చెప్పినచో ఇట్లుండును. ఏకవచనమున రెండు పంక్తులు: పురుషుఁడొక పంక్తి, తక్కినవెల్ల నింకొక పంక్తి. రాముఁడు రాఁడు, సీత రాదు, ఆవు రాదు, బండి రాదు. బహువచనమునను రెండే పంక్తులు, కాని గీఁత వేఱొకచోటఁ బడును: మనుష్యులొక పంక్తి, తక్కినవెల్ల నింకొక పంక్తి. పురుషులు రారు, స్త్రీలు రారు, ఆవులు రావు, బండ్లు రావు. స్త్రీయే యీ రెండు గీఁతల నడుమ స్థానము మార్చుకొనునది. సంఖ్యలలోను ఇదియే గీఁత కనఁబడును. ఇద్దఱు పురుషులు, ఇద్దఱు స్త్రీలు, రెండు ఆవులు అందుము. రెండు స్త్రీలు అనుట తప్పు. ఒకటి యను సంఖ్యయొద్ద మాత్రము ఒకఁడు, ఒకతె, ఒకటి యని స్త్రీకిఁ బ్రత్యేకమైన రూపము కలదు. వచ్చెను అను రూపము ఏకవచనమున మూఁటికిని సమానమే కావున గ్రంథములు మాత్రమే చదువువాఁడు భేదమును గుర్తింపకయే పోవచ్చును. వచ్చినాఁడు, వచ్చినది యని రాయలసీమ పల్లెలలో నిత్యము పలుకువారి మధ్య నుండువాఁడు దానిని మఱవలేఁడు. కడప యట్టి పాఠశాల.

పిమ్మట బ్రౌనుగారు మచిలీపట్టణమునను రాజమహేంద్రవరమునను ఉద్యోగించిరి. ఆ కాలముననే వారి దృష్టి వేమన పద్యములపైఁ బడెను. పండితులు చిన్నచూపు చూచిన యా పద్యములను పల్లెప్రజలు నోటఁ బట్టియుండిరి. బ్రౌనుగారు తాటాకు ప్రతులను దెప్పించి, పాఠములు సరిచూచి, దాదాపు ఏడువందల పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో ముద్రింపించిరి. అంతకు ముందే, 1827లో, తెలుఁగు సంస్కృత ఛందస్సులను వివరించు గ్రంథమును వెలువరించిరి.

కడపకు మరల వచ్చినప్పుడు వారొక విశాలమైన తోటతోఁ గూడిన బంగళాను గొని, దానినే పండితశాలగాఁ జేసిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు ఆ పనులకుఁ బెత్తనము వహించిరి. జూలూరి అప్పయ్యగారు మున్నగు పండితులు అచ్చటఁ గూర్చుండి, ఒక్కొక్క కావ్యమునకుఁ బెక్కు ప్రతులను ముందిడుకొని, పాఠభేదములు గుర్తించి, శుద్ధప్రతులు వ్రాయుచుండిరి. వారి జీతములు దొరగారి సొంత సొమ్మునుండి చెల్లుచుండెను. జీతము చాలక అప్పులు చేసియు ఆ పనిని వారు నిలుపలేదు. చెదలు తినుచున్న మనుచరిత్ర, వసుచరిత్ర వంటి కావ్యముల ప్రతులు ఇట్లు రక్షింపఁబడెను. పేదబాలురకు సొంత ఖర్చుతో బడులను నడుపుటయు వారు చేసిన సత్కార్యములలో నొకటి.

వారి జీవితమునఁ గష్టములును లేకపోలేదు. 1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను ఘోరమైన కఱవు పీడించెను. వేలకొలఁది జనులు మడిసిరి. బ్రౌనుగారు ఆ దినములలో అచ్చటఁ బనిచేసి ఆ దుఃఖమును గన్నులార చూచిరి. 1834లో వారి యుద్యోగము పోయెను. ఇంగ్లండునకుఁ బోయి, 1838లో మరల వచ్చువఱకు వారు లండనులో నుండిరి. ఉద్యోగము లేని యా కాలమునను వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఈస్టిండియా కంపెనీవారి గ్రంథాలయమున దుమ్ము గప్పియున్న దక్షిణదేశ భాషల వ్రాఁతప్రతులను వెదకి, రెండువేలకు మించిన గ్రంథములు మదరాసునకుఁ దిరిగి వచ్చునట్లు చేసిరి.

మదరాసునకు వచ్చిన పిదప 1840లో వారి తెలుఁగు వ్యాకరణము ముద్రితమయ్యెను. 1857లో రెండవ కూర్పు వచ్చెను. అది పండితులకొఱకు వ్రాసినది గాదు. తనవలెనే పరదేశమునుండి వచ్చి, కచ్చేరిలోను బజారులోను తెలుఁగు వినవలసినవారికొఱకు వ్రాసినది. కావుననే కావ్యభాషారూపములతోఁ బాటు జనులు పలుకు రూపములకును అందు స్థానము కలిగెను. 1852 మొదలు 1854 వఱకు వారి నిఘంటువులు వెలువడెను: ఒకటి తెలుఁగునుండి ఆంగ్లమునకు, ఒకటి ఆంగ్లమునుండి తెలుఁగునకు, ఒకటి కచ్చేరులలోఁ బాఱు పారసీ హిందూస్థానీ పదములతోఁ గూడిన మిశ్రభాషకు. 1903లో తెలుఁగు నిఘంటువును సవరించి మరల ముద్రించినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగా రొకరు. ఆ నిఘంటువు లేని తెలుఁగు పండితుని బల్ల నేఁటికిని అరుదు.

ఆ దశాబ్దముననే ఇంకను ఇరువురు ఈ లింగవిషయమును విచారించిరి. 1856లో రాబర్టు కాల్డ్వెల్ గారు ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును బ్రకటించి, ఈ భాషలలో లింగము బుద్ధిగల ప్రాణులకును తక్కినవానికిని గల భేదముపై నిలిచియున్నదని చూపిరి. 1858లో పరవస్తు చిన్నయసూరిగారు బాలవ్యాకరణమున ఈ పంక్తులకు మహత్తు, అమహత్తు అను పేళ్లను స్థిరపఱచిరి. ఈ పేళ్లు వినినతోడనే మన మనస్సున నొక ముల్లు గ్రుచ్చుకొనును. మహత్తనఁగా గొప్పది. పురుషుఁడు మహత్తు, స్త్రీ యొంటరిగా నున్నప్పుడు అమహత్తు. మన తల్లిని, అక్కను, ఉపాధ్యాయినిని మన భాష పశువులతోను రాళ్లతోను జేర్చినదా? బాలికలు చదువుకొను నీ దినములలో ఈ ప్రశ్న నడుగుట న్యాయమే.

దీనికి సమాధానము ఇతర భాషలఁ జూచిన దొరకును. తమిళమున అవన్, అవళ్, అదు అని ఏకవచనమున మూఁడు పంక్తులు, కన్నడమునను అంతే. గోండి, కుయి భాషలలో బహువచనమునను స్త్రీలు పురుషులతోఁ గాక తక్కినవానితోఁ జేరుదురు. అక్కచెల్లెండ్ర వంటి భాషలలోనే గీఁత మూఁడు విధములుగాఁ బడినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మున్నగు నిటీవలి భాషాశాస్త్రజ్ఞుల పరిశీలనమును బట్టి తెలుఁగులోని విభాగము మిక్కిలి ప్రాచీనమైనది. ఎవరో యొకనాఁడు స్త్రీని దింపివేయుటవలన ఏర్పడినది గాదు. అవన్, అవళ్ అనుకొను సమాజములలో స్త్రీకి మనకంటె నెక్కువ గౌరవము కలిగెనని చరిత్ర చెప్పదు.

ఇఁక దూరదేశమునుండి యొక సాక్ష్యము. ఆఫ్రికాలోని ఉగాండాలో గాండా జనులు మాటాడు భాష లుగాండా. 1890లో ఆ దేశమునకుఁ బోయిన జార్జి పిల్కింగ్టన్ గారు, బ్రౌనుగారివలెనే జనులమధ్యఁ గూర్చుండి ఆ భాషను నేర్చి, బైబిలును పూర్తిగా దానిలోనికిఁ దెచ్చి, 1897లో ఒక సైనికుల తిరుగుబాటునఁ జనిపోయిరి. ఆ భాషలో నామవర్గములు పదికి మించి యున్నవి. గుర్తు మాట మొదటనే యుండును, క్రియయు తన మొదట తగిన గుర్తును ధరించును. ఒముకజి యనఁగా స్త్రీ. స్త్రీ పడుచున్నదనుటకు ఒముకజి అగ్వ యందురు. ఒముసజ్జ యనఁగా పురుషుఁడు. ఒముసజ్జ అగ్వ యనియే యందురు. పెక్కుమంది స్త్రీలైనచో అబకజి బగ్వ. చెట్టు పడినచో ఒముతి గుగ్వ. చెట్లు పడినచో ఎమితి గిగ్వ. పుస్తకమైనచో ఎకితాబో కిగ్వ; పుస్తకములైనచో ఎబితాబో బిగ్వ. అచ్చట స్త్రీపురుషులకు భేదమే లేదు. చెట్టునకును పుస్తకమునకును భేదము కలదు. అంతమాత్రమున గాండా స్త్రీలకు పురుషులతో సమానమైన యధికార ముండెనని తలఁపరాదు; చెట్టు పుస్తకముకంటె మిన్నయనియు తలఁపరాదు. వర్గములు మాటలను సర్దిపెట్టు గూళ్లు. ఏ గూటిలో నున్నదో తెలియనిచో మాట దొరకదు. కాని గూటినిబట్టి వెల కట్టరాదు.

వెల కట్టునది మఱియొకటి కలదు. అది మన చేతిలోనే యున్నది. పాఠకులారా, ఈ వ్యాసమున నేను బ్రౌను దొరగా రొక్కరినిగూర్చియే చెప్పుచు జన్మించిరి, నేర్చిరి, వ్రాసిరి యనుచు వచ్చితిని. అది తప్పు గాదు. గౌరవార్థము ఏకమును బహువచనముగాఁ జెప్పుట మన భాషలోని మర్యాద. ఈ ద్వారము స్త్రీకిని దెఱచియే యున్నది. అమ్మగారు వచ్చినారు, టీచరుగారు చెప్పినారు అనఁగానే వచ్చినది యను పంక్తినుండి స్త్రీ మనుష్యుల పంక్తిలోనికి వచ్చును. వ్యాకరణ మడ్డుపడదు. మఱి యీ ద్వారమును మన మెవరికిఁ దెఱచుచున్నాము, ఎవరికి మూయుచున్నాము? కలెక్టరైన స్త్రీని వచ్చినారందుము. మన పాఠశాల వాకిలి యూడ్చు వృద్ధురాలిని వచ్చినదందుము. ఆమె భర్తను, అరువదియేండ్లవానినైనను, వచ్చినాఁడందుము. తప్పు సూత్రమున లేదు. దానిని ప్రయోగించు నాలుకలో నున్నది.

బ్రౌనుగారినుండి నేర్వవలసిన గుణ మిదియే. వారు తమ గ్రీకు లాటినుల కొలతతో తెలుఁగును గొలిచి తప్పుపట్టలేదు. ఈ జనులు లోకము నెట్లు పంచుకొనిరో ముందు వినిరి, వినినదానిని వ్రాసిరి. అధికారి రైతుమాటను వినుట, ధనికుఁడు కూలిదాని మాటను వినుట ఒక్కటే విద్య. భాష నేర్చుట యనఁగా సూత్రములు వల్లించుట గాదు. ఎదుటివానిని లక్ష్యపెట్టి వినుట.

1855 ప్రాంతమున ఆరోగ్యము చెడి బ్రౌనుగారు శాశ్వతముగా ఇంగ్లండునకు మరలిరి. 1865లో లండను విశ్వవిద్యాలయమునఁ దెలుఁగు ఆచార్యులుగా నియమితులైరి. వారు వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో పరమపదించిరి. కడపలో వారి బంగళా యుండిన స్థలమున, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మున్నగువారి కృషివలన, ఇరువదవ శతాబ్ది చివర వారి పేర గ్రంథాలయము వెలసినది.

సోదరులారా, మన బనగానపల్లె 1948 దాఁక నవాబుల సంస్థానమై యుండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో నున్నది. ప్రభువులు మాఱిరి, ఎల్లలు మాఱెను. రైతు నోటి వచ్చినాఁడు, వచ్చినది మాఱలేదు. రేపటి యుదయమున పాఠశాల వాకిటఁ జీపురుపట్టి నిలిచిన యామెను జూచినప్పుడు ఈ పాఠమును జ్ఞప్తికిఁ దెచ్చుకొని, ఆమె వచ్చినారని యొక్కమాఱు పలికి చూడుఁడు. తెలుఁగు వ్యాకరణమున నేదియు భంగపడదు.